పదేళ్ల గడువు ఇచ్చే క్యాన్సర్

గర్భాశయం కింది భాగం సన్నబడి యోనిలోకి తెరుచుకునే చోటుకు గర్భాశయ ముఖద్వారం అని పేరు. ఊళ్లలో గర్భసంచి మూతి అంటారు. అక్కడ పుట్టే క్యాన్సర్ భారతీయ స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ తర్వాత రెండో స్థానంలో ఉంది. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో దేశంలో సుమారు 1,27,000 మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. ప్రపంచం మొత్తం మీద ఆ ఏడాది దీనితో పోయినవారు మూడున్నర లక్షల మంది. అంటే ప్రతి నలుగురైదుగురిలో ఒకరు మన దేశపు ఆడమనిషే. చాలా క్యాన్సర్లు ఎందుకొస్తాయో నేటికీ పూర్తిగా తేలలేదు. దీని కారణం మాత్రం ఖాయంగా తెలుసు. రాకుండా ఆపే టీకా ఉంది. క్యాన్సర్‌గా ముదరకముందే పసిగట్టే పరీక్షలున్నాయి. ఆ దశలో పట్టుకుంటే ఒక్క పూటలో అయిపోయే వైద్యమూ ఉంది. ఇన్ని ఉండి కూడా ఏటా ఇన్ని వేలమంది పోతున్నారంటే లోటు వైద్యశాస్త్రంలో లేదు, ఆ శాస్త్రాన్ని ఊరిదాకా చేర్చవలసిన ప్రజారోగ్య వ్యవస్థలో ఉంది.

ఈ క్యాన్సర్‌కు మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ. ఇందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. ఎక్కువ వాటివల్ల ప్రాణాపాయం లేదు, పులిపిర్లు తెప్పించేవీ వీటిలోవే. పధ్నాలుగు దాకా రకాలు మాత్రం ప్రమాదకరమైనవి. వాటిలోనూ 16, 18 నంబర్ల రకాలే ప్రపంచంలోని కేసుల్లో 70 శాతానికి కారణం. ముఖద్వార క్యాన్సర్ కణాల్లో ఈ రెండింటినీ 1983, 84 సంవత్సరాల్లో జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం గుర్తించింది. అందుకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

వైరస్ లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. ఈ మాట వినగానే మన ఇళ్లలో సంభాషణ ఆగిపోతుంది కాబట్టి తర్వాతి మాట ఇంకా స్పష్టంగా చెప్పాలి. దాంపత్య జీవితం ఉన్న స్త్రీపురుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకసారి ఇది సోకుతుంది. భర్త తప్ప మరొకరిని ఎరగని స్త్రీకీ రావచ్చు. ఇది ఎవరి నడత మీదా తీర్పు చెప్పదు. సోకిన వైరస్‌ను ఒంట్లోని రోగనిరోధక శక్తి సాధారణంగా ఒకటి రెండేళ్లలో వెళ్లగొడుతుంది. కొద్దిమందిలో అది పోకుండా తిష్ఠ వేస్తుంది. అప్పుడు ముఖద్వారం పైపొర కణాలు మెల్లగా రూపు మారతాయి. ఆ మార్పు క్యాన్సర్ దాకా చేరడానికి మామూలుగా పది నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలలో ఐదు నుంచి పదేళ్లకే అక్కడికి చేరవచ్చు. వారికి ఈ క్యాన్సర్ ముప్పు ఇతరులకన్నా ఆరు రెట్లు ఎక్కువ. కణాలు మారుతున్న ఆ సుదీర్ఘ కాలంలో నొప్పి ఉండదు, రక్తస్రావం ఉండదు. ఒంట్లో ఏ బాధా లేని మనిషిని పిలిచి పరీక్ష చేయాల్సిన అవసరం అందుకే వచ్చింది. స్క్రీనింగ్ అంటే ఇదే.

మొదటి స్క్రీనింగ్ పరీక్ష గ్రీసు దేశంలో పుట్టి న్యూయార్క్‌లో పనిచేసిన జార్జ్ పపనికొలావ్ పుణ్యం. ముఖద్వార ప్రాంతపు కణాలను కొన్ని తీసి, గాజుపలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే క్యాన్సర్ ఆనవాళ్లు దొరుకుతాయని ఆయన 1928లో మొదటిసారి ప్రకటించాడు. వైద్యలోకం పట్టించుకోలేదు. 1941లో హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి వెలువరించిన పత్రం తర్వాతే పాప్ పరీక్షగా అది నిలబడింది. అయితే పరీక్ష ఒకటి ఉన్నంత మాత్రాన మరణాలు తగ్గవని బ్రిటన్ అనుభవం చెబుతుంది. అక్కడ 1960ల నుంచీ పాప్ పరీక్ష చేస్తూనే ఉండేవారు. కానీ వచ్చినవాళ్లకు చేయడం, రానివాళ్లను వదిలేయడం. ప్రయోజనం అంతంతమాత్రంగానే ఉండేది. 1988లో ప్రతి మహిళ పేరూ కంప్యూటర్‌లో ఎక్కించి, గడువు రాగానే ఉత్తరం రాసి పిలిచే పద్ధతి పెట్టాకే మరణాలు గట్టిగా తగ్గడం మొదలైంది.

భారతదేశంలో పాప్ పరీక్షను ఊరూరా నడపడం కుదరలేదు. గాజుపలకను చదవగల సైటాలజీ నిపుణులు తక్కువ, ల్యాబులు పట్టణాల్లోనే. ఫలితం వచ్చేసరికి వారాలు గడిచి, ఆ మహిళ ఏ కూలి పనికో వలస వెళ్లి ఉంటుంది. అందుకే ఇక్కడి పరిశోధకుల చూపు ఇంకా తేలికైన పద్ధతి మీదకు మళ్లింది. దాన్ని వీఐఏ అంటారు. వంటింటి వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లమే దాని సరంజామా.

ఆ పరీక్ష జరిగే తీరు ఇది. మహిళను బల్ల మీద పడుకోబెట్టి, స్పెక్యులమ్ అనే పరికరంతో యోనిమార్గాన్ని తెరిచి, మంచి వెలుతురులో ముఖద్వారాన్ని చూస్తారు. నూరు పాళ్లలో మూడు నుంచి ఐదు పాళ్ల ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీటిలో దూదిని ముంచి అక్కడ అద్దుతారు. కొంచెం చురుక్కుమంటుంది. ఒక నిమిషం ఆగుతారు. ఆరోగ్యంగా ఉన్న చోటు గులాబి రంగులోనే ఉంటుంది. రూపు మారిన కణాలున్న చోట, గోడ మీద సున్నం మచ్చలా అంచులు స్పష్టంగా ఉన్న తెల్లని మచ్చ తేలుతుంది. ల్యాబు అక్కర్లేదు, ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. శిక్షణ పొందిన నర్సు చేయగలదు. బలహీనత కూడా అందులోనే ఉంది: అంతా చూసేవారి కంటి మీద ఆధారపడుతుంది. పైగా ముట్లుడిగిన స్త్రీలలో మార్పులు వచ్చే భాగం లోపలికి జరిగిపోతుంది కాబట్టి వారికి ఇది అంతగా పనికిరాదు.

ఈ పరీక్షల విలువను ప్రపంచానికి తేల్చిచెప్పినవి మన దేశంలో జరిగిన మూడు పెద్ద అధ్యయనాలు. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో నర్సులు వీఐఏ చేసిన అధ్యయనం ఫలితాలు 2007లో వచ్చాయి. స్క్రీనింగ్ జరిగిన చోట మరణాలు 35 శాతం తగ్గాయి. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో సుమారు లక్షన్నర మంది మహిళలున్నారు. అక్కడ పరీక్షలు చేసినవారు వైద్యులు కారు, తగిన శిక్షణ ఇచ్చిన స్థానిక ఆరోగ్య కార్యకర్తలు. మరణాలు 31 శాతం తగ్గాయి. మూడోది మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 30 నుంచి 59 ఏళ్ల వయసున్న సుమారు 1,31,000 మందితో జరిగింది. నాలుగు బృందాలు చేసి ఒకదానికి వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌పీవీ పరీక్ష, ఒకదానికి పాప్, ఒకదానికి వీఐఏ ఒక్కొక్కసారి మాత్రమే చేశారు. నాలుగో బృందానికి మామూలు వైద్యసేవలే. 2009లో ఫలితాలు వచ్చినప్పుడు నాలుగో బృందంలో 64 మంది ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోగా, అంతకన్నా కాస్త పెద్దదైన హెచ్‌పీవీ బృందంలో 34 మంది చనిపోయారు. జీవితంలో ఒక్కసారి చేసిన పరీక్షతో మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. పాప్, వీఐఏ బృందాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. హెచ్‌పీవీ లేదని తేలిన మహిళల్లో, అధ్యయనం కనిపెట్టి చూసిన ఎనిమిదేళ్లలో ఒక్కరు కూడా ఈ క్యాన్సర్‌తో పోలేదు.

ఈ అధ్యయనాల మీద ఒక అభ్యంతరం వచ్చింది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పోల్చడానికి పెట్టుకున్న బృందాల్లోని పేద మహిళలకు అవగాహన కల్పించి, అడిగినవారికి వైద్యం చూపించారే గానీ స్క్రీనింగ్ చేయలేదు. ఆ బృందాల్లో కొందరు నివారించగలిగే జబ్బుతో పోయారన్నది విమర్శ. ఆ రోజుల్లో దేశంలో మామూలుగా అందుతున్న సేవ అంతేనన్నది పరిశోధకుల జవాబు. ఆ జవాబు నిజమే. నిజమైనందుకే అది ప్రభుత్వాల మీద నేరారోపణ లాంటిది.

ఫలితాలు చేతికొచ్చాక విధానం నెమ్మదిగా కదిలింది. క్యాన్సర్, మధుమేహం, గుండెజబ్బుల నివారణకు జాతీయ కార్యక్రమం 2010లో మొదలైంది. 30 ఏళ్లు నిండిన ప్రతి మహిళకూ ఐదేళ్లకొకసారి వీఐఏ చేయాలన్న మార్గదర్శకాలు 2016లో వచ్చాయి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఈ పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నారా అని 30 నుంచి 49 ఏళ్ల మహిళలను అడిగితే అవునన్నవారు నూటికి ఇద్దరు కూడా లేరు: 1.9 శాతం. అన్ని రాష్ట్రాల్లోకీ ముందున్న తమిళనాడులో 9.8 శాతం. తమిళనాడు ఈ పనిని 2007లోనే థేని, తంజావూరు జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. తెలుగు రాష్ట్రాలు రెండూ తమిళనాడుకు బాగా వెనకే ఉన్నాయి.

ఎందుకిలా అంటే జవాబు ఆరోగ్య ఉపకేంద్రం గదిలోనే దొరుకుతుంది. బీపీ, షుగర్ అరుగు మీద కూర్చోబెట్టి చూడవచ్చు. ఈ పరీక్షకు తలుపు వేసుకునే గది కావాలి, బల్ల కావాలి, తెర కావాలి, ఉడికించి శుభ్రం చేసిన స్పెక్యులమ్‌లు కావాలి, అన్నిటికీ మించి చేయడం వచ్చిన చేయి కావాలి. రిజిస్టర్‌లో అదే కార్యక్రమం కింద చూసే నోటి క్యాన్సర్ గడి సులువుగా నిండుతుంది, ముఖద్వారం గడి ఖాళీగా మిగులుతుంది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి పిలిస్తే "నాకేం రోగం లేదు కదమ్మా, ఎందుకు?" అన్నదే మొదటి మాట. కడుపుతో ఉన్నప్పుడు తప్ప తనకోసం ఆసుపత్రి గడప ఎక్కని మనిషికి ఆ ప్రశ్న సహజం.

పరీక్షలో మచ్చ కనిపించిన మహిళ కష్టం అక్కడి నుంచే మొదలవుతుంది. ఆమెను జిల్లా ఆసుపత్రికి వెళ్లమంటారు. రెండు బస్సులు మారాలి, ఒక రోజు కూలి పోతుంది, వెంట ఎవరో ఒకరు రావాలి. వెళ్లిన రోజు కాల్పోస్కోపీ, అంటే ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసే పరీక్ష, చేసే డాక్టరు లేకపోతే ఇంకో రోజు. పరీక్షకు ముక్క తీస్తే ఫలితం కోసం మరో రోజు. చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. పరీక్షించి వైద్యం చేయకపోవడం, అసలు పరీక్షించకపోవడం కన్నా మెరుగేమీ కాదు, ఆ మనిషికి భయం ఒక్కటే అదనం. అందుకే చూసిన రోజే వైద్యం కూడా చేసేయాలన్న పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోత్సహిస్తోంది. మారిన కణాలను గడ్డకట్టించి చంపే క్రయోథెరపీకి బరువైన గ్యాస్ సిలిండర్ కావాలి. ఇప్పుడు చేతిలో పట్టుకునే చిన్న వేడి పరికరం వచ్చింది. దాని కొనను సుమారు 100 డిగ్రీల వేడితో అర నిమిషం లోపు ఆనిస్తే చాలు, మత్తు ఇవ్వనక్కర్లేదు. ఆమె సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోతుంది. మచ్చ మరీ పెద్దదైతే, లోపలికి వ్యాపించి ఉంటే, క్యాన్సరేమోనన్న అనుమానం ఉంటే మాత్రం పెద్దాసుపత్రికి పంపక తప్పదు.

తెలుగు నేల మీద ఇంకో చిక్కు ఉంది. చిన్న వయసులో గర్భసంచి తీసేయించుకున్న మహిళల సంఖ్యలో మన రెండు రాష్ట్రాలు దేశంలో అందరికన్నా ముందున్నాయి. దేశ సగటు 3 శాతం పైచిలుకు ఉంటే ఇక్కడ 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అది 8 శాతం దాటింది. తెల్లబట్ట, నడుంనొప్పి, మూతి మీద పుండు ఉందని వెళ్లిన మనిషికి "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది, సంచి తీసేయిస్తే పీడ పోతుంది" అని చెప్పడం ఎన్నో ఊళ్లలో వినే మాట. తెల్లబట్ట చాలాసార్లు మందులతో పోయే ఇన్ఫెక్షన్. మూతి మీద కనిపించే ఎరుపంతా క్యాన్సర్‌కు దారితీయదు. ఒక హెచ్‌పీవీ పరీక్ష చేసి వైరస్ లేదని చెప్పగలిగితే ఎంతమంది ముప్ఫై ఏళ్ల ఆడవాళ్లకు ఆ కోత తప్పేదో. అవసరమైన స్క్రీనింగ్ అందని చోటే అనవసరమైన ఆపరేషన్ పెరగడం యాదృచ్ఛికం అనిపించదు. క్యాన్సర్ భయం జనంలో ఉంది, ఆ భయానికి సరైన జవాబిచ్చే పరీక్ష అందుబాటులో లేదు.

ఇక టీకా. మొదటిది 2006లో అమెరికాలో ఆమోదం పొందింది, 2008లో భారత్‌కు వచ్చింది. వైరస్ పైపొరను పోలిన ప్రొటీన్ గుళికలే అందులో ఉంటాయి; లోపల జన్యుపదార్థం ఉండదు కనుక టీకా వల్ల వైరస్ సోకే వీలు లేదు. అప్పటికే సోకిన వైరస్‌ను అది పోగొట్టలేదు కూడా. అందుకే వైరస్ ఎదురయ్యే వయసుకు ముందే, 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు వేయాలంటారు. ఈ టీకా కథలో ఖమ్మం జిల్లాకు ఒక చేదు స్థానం ఉంది.

2009 జులైలో పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి ఈ టీకా వేయించాయి. గుజరాత్‌లోని వడోదరలోనూ ఇలాంటి కార్యక్రమమే నడిచింది. ఖమ్మంలో టీకా వేయించుకున్న వారిలో హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు చాలామంది. తర్వాతి నెలల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు నిలదీయడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. ఆ మరణాలకు నీళ్లలో మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలున్నాయని, టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ తేల్చింది. అనుమతి తీసుకున్న తీరును మాత్రం ఎవరూ సమర్థించలేకపోయారు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అడవి అంచు ఊళ్లలో ఉన్న తల్లిదండ్రులకు తమ బిడ్డకు ఏం వేస్తున్నారో చెప్పకుండానే పని జరిగిపోయింది. టీకా తర్వాత పిల్లల ఆరోగ్యాన్ని కనిపెట్టి చూసే ఏర్పాటు కూడా సరిగా లేదని నివేదిక తప్పుపట్టింది. టీకా నిర్దోషి అని తేలినా, అడగకుండా వేసిన తప్పు మాసిపోలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఈ టీకా మాట ఎత్తడానికే ప్రభుత్వాలు జంకాయి.

ఖమ్మం కార్యక్రమం ఆగిన 2010 ఏప్రిల్‌లోనే మరో అధ్యయనం కూడా మధ్యలో ఆగింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ హైదరాబాద్‌తో సహా దేశంలో తొమ్మిది చోట్ల, 10 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలలో మూడు డోసులకు బదులు రెండు సరిపోతాయా అని అప్పట్లో పరిశీలిస్తూ ఉండేది. ఖమ్మం కార్యక్రమంతో దానికి సంబంధం లేదు. అయినా ప్రభుత్వం అన్నిటినీ ఆపమంది. దాంతో దాదాపు 5,000 మంది అమ్మాయిలు ఒక్క డోసు దగ్గరే ఆగిపోయారు. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా ఏళ్ల పాటు పరీక్షిస్తూ వచ్చారు. 2021లో వెలువడిన ఫలితాల్లో, 16, 18 రకాల వైరస్ తిష్ఠ వేయకుండా ఒక్క డోసు 95 శాతం మందిని కాపాడుతున్నట్టు తేలింది. రెండు, మూడు డోసుల వారికీ వీరికీ తేడా లేదు. ఎవరూ తలపెట్టని ఈ ప్రశ్నకు దొరికిన జవాబు, ఆఫ్రికాలో జరిగిన అధ్యయనాలతో కలిసి, ప్రపంచ విధానాన్నే మార్చింది. 20 ఏళ్ల లోపు అమ్మాయిలకు ఒక్క డోసైనా చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. హెచ్‌ఐవీ ఉన్నవారికి మాత్రం కనీసం రెండు, వీలైతే మూడు. పేద దేశాలకు ఖర్చు, శ్రమ ఒక్కసారిగా తగ్గాయి.

దేశంలోనూ కదలిక అదే ఏడాది వచ్చింది. సార్వత్రిక టీకా కార్యక్రమంలో దీన్ని చేర్చాలని జాతీయ సాంకేతిక సలహా బృందం 2022లో సిఫార్సు చేసింది. పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన టీకా సెర్వావ్యాక్‌కు అదే ఏడాది అనుమతి లభించింది. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ చెప్పారు. వీటన్నిటికీ ముందే, 2018లో, సిక్కిం తన బాలికలందరికీ బడుల్లో టీకా వేయించి 95 శాతం దాటింది. అక్కడ సూది పట్టుకునే ముందు ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో, విలేకరులతో మాట్లాడటానికి సమయం వెచ్చించారు. ఖమ్మంలో జరగనిది సరిగ్గా అదే.

2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ క్యాన్సర్ నిర్మూలనకు వ్యూహం ప్రకటించింది. 2030 నాటికి ప్రతి దేశం 15 ఏళ్ల లోపు బాలికల్లో 90 శాతానికి టీకా వేయాలి. 70 శాతం మహిళలకు 35 ఏళ్లకు ఒకసారి, 45 ఏళ్లకు మరోసారి మేలైన పరీక్ష చేయాలి. జబ్బు బయటపడిన వారిలో 90 శాతానికి వైద్యం అందాలి. ఏటా లక్షమంది స్త్రీలలో కొత్త కేసులు నాలుగు లోపుకు తగ్గితే నిర్మూలన సాధించినట్టు. 2007లోనే టీకా మొదలుపెట్టిన ఆస్ట్రేలియా 2035కల్లా అక్కడికి చేరాలనుకుంటోంది. రువాండా లాంటి పేద దేశం 2011 నుంచే 90 శాతానికి పైగా బాలికలకు టీకా వేస్తోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ఈ మూడు లక్ష్యాల్లో మన దేశానికి బరువైనది నడిమిది, పరీక్షల అంకె. ఈ రోజు టీకా వేయించుకున్న పదేళ్ల పాపకు ఫలం కనిపించేది ఆమె నడివయసులో. ఆమె తల్లికి, మేనత్తకు, పక్కింటి పిన్నికి పరీక్షే దిక్కు. మేలైన పరీక్ష అంటే హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో స్పష్టం చేసింది. దానికి నమూనాను మహిళ తనంతట తానే తీసుకోవచ్చు. మెత్తని చిన్న బ్రష్‌ను యోనిలో పెట్టి, నాలుగుసార్లు తిప్పి, సీసాలో వేసి ఇస్తే చాలు. తలుపున్న గది లేని ఊళ్లో, మగ డాక్టరు ముందు పడుకోవడానికి సిగ్గుపడే చోట ఇది పెద్ద వెసులుబాటు. ఖర్చు ఇంకా వీఐఏ కన్నా ఎక్కువే, మనవాళ్లు తయారుచేసే కిట్లతో అది తగ్గాల్సి ఉంది. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారాల్లో మహిళా సిబ్బందితోనే పరీక్షలు చేసే ఏర్పాటు. ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో నోటి, రొమ్ము, ముఖద్వార క్యాన్సర్లకు ఇంటింటి సర్వే చేపట్టింది. ఇలాంటివాటిని ఎంతమందిని చూశారన్న లెక్కతోనే కొలిస్తే సగమే తెలుస్తుంది. అనుమానం ఉందన్నవారిలో ఎంతమంది వైద్యం దాకా చేరారన్న రెండో లెక్క కూడా నెలనెలా బయట పెట్టాలి.

లక్షణాలు కనబడ్డాక వచ్చేవారికి దారి వేరు. నెలసరుల మధ్యలో రక్తం కనిపించడం, కలయిక తర్వాత రక్తస్రావం, ముట్లుడిగాక మళ్లీ ఎర్రబట్ట, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట తగ్గకపోవడం: ఇవి కనిపిస్తే వారం కూడా ఆలస్యం చేయకూడదు. తొలిదశలో ఆపరేషన్‌తో నయమవుతుంది. మన ఆసుపత్రులకు ఎక్కువమంది చేరేది ముదిరాకే. అప్పుడు వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాల పాటు రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ మందు, ఆపైన లోపలి నుంచి రేడియేషన్ ఇచ్చే బ్రేకీథెరపీ. ఈ దశలోనూ పూర్తిగా నయమయ్యేవారు ఎందరో ఉన్నారు, మధ్యలో మానకపోతే. వైద్యం ఖర్చును ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం భరించినా, హైదరాబాద్‌లోనో విశాఖలోనో రెండు నెలలు ఉండటానికి గది, తిండి, వెంట ఉన్నవారి కూలి నష్టం కుటుంబం మీదే పడతాయి. ఆసుపత్రి పక్కనే ఉచిత బస ఏర్పాటు చేస్తే మధ్యలో వెళ్లిపోయేవారు తగ్గుతారు. నయం కాని దశలో వచ్చినవారికి ఈ క్యాన్సర్ నొప్పి భరించరానిది. నోటి ద్వారా ఇచ్చే చవకైన మార్ఫిన్ మాత్ర దాన్ని చాలావరకు అదుపులో పెడుతుంది. ఆ మాత్ర, దాన్ని ఇవ్వడం తెలిసిన డాక్టరు జిల్లా కేంద్రంలో అయినా ఉండాలి.